యంత్రం చదవని వరుస

"ఫార్మాట్ కొట్టుడే మేడం" అని రమ్యశ్రీ అన్న మాట ఇంకా ఆ గదిలోనే తిరుగుతూ ఉంది. క్లారా దానికి అవుననలేదు, కాదనలేదు. మనం కిందటి వారం వాళ్లను అక్కడే వదిలిపెట్టాం.

ఎనిమిది నెలలు దుప్పటి కింద ఉన్న కంప్యూటర్‌ను క్లారా శనివారం తెరిచింది. తెరిస్తే ఒక్క వెబ్‌సైటూ రాలేదు. నెట్ వాళ్లను అడిగితే లైను బాగానే ఉందన్నారు. పటేల్‌గూడ చౌరస్తాలో జిరాక్సు, నెట్ దుకాణం నడిపే రమ్యశ్రీ, ఆదివారం చర్చి విడిచే వేళకు వస్తానని మాటిచ్చి, ఆ వేళకే వచ్చింది.

తొందర ఎందుకంటే, శుక్రవారం దగ్గర పడుతోంది. క్లారా భర్త ఎబెనేజర్ గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా పనిచేసేవాడు. జనరల్ షిఫ్టుకు బస్సెక్కే ముందు రోజూ అమీన్‌పూర్ చెరువు కట్ట మీద కాసేపు నిలబడి, కనబడిన పిట్టలన్నిటినీ ఇంటర్నెట్‌లో ‘చెరువుకాడ’ అనే తన పేజీలో రాసేవాడు. పదేళ్లు రాశాడు. ఆ పేజీకి ఉచితంగా చోటిచ్చిన సంస్థ ఈ శుక్రవారంతో ఆ పని మానుకుంటోందనీ, ఎవరి రాతలు వాళ్లు దాచుకోవాలనీ అతని ఫోనుకు మెయిలు వచ్చింది. చనిపోయినవాళ్ల ఫోన్లకు కూడా ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. దాచకపోతే ఆ పదేళ్ల పొద్దులు ఇక ఎక్కడా ఉండవు.

మంచం మీద కూర్చున్న సువార్తమ్మ ముందుగా నోరు విప్పింది. ఎబెనేజర్ తల్లి. డెబ్భై నాలుగేళ్లు. ఆరాధనకు కట్టుకున్న తెల్లచీర ఇంకా మార్చలేదు.

"తలనొప్పని పోతే తల తీసేస్తరా అమ్మా? ఏడ నొస్తుందో జెర సూడరాదు."

రమ్యశ్రీ నవ్వింది. తన దుకాణంలో అన్ని రోగాలకూ అదే మందని, అయినా పెద్దమ్మ అడిగింది కాబట్టి నాడి పట్టి చూస్తానని కుర్చీ ముందుకు జరుపుకుంది. ఫార్మాట్ చేస్తే బయట ఎక్కడో ఉన్న పేజీకి ఏమీ కాదు. కానీ ఈ డబ్బాలో ఎబెనేజర్ దాచుకున్నవన్నీ తుడిచిపెట్టుకు పోతాయి. ఏమేం దాచుకున్నాడో క్లారాకు తెలియదు. తెలియనిదాన్ని పోగొట్టుకోవడం ఎలాగో కూడా ఆమెకు తెలియదు.

మధ్యాహ్నపు ఎండ కిటికీ కడ్డీల గుండా వచ్చి కీబోర్డు మీద చారలు చారలుగా పడింది. కొన్ని అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. ఎక్కువగా అరిగింది ఇంగ్లీషు ‘ఎ’. ఏ పిట్టకైనా ఆ అక్షరం కావాలి మరి.

రమ్యశ్రీ ఏదో సైటు పేరు కొట్టింది. తెర మీద ఎర్రటి గుర్తు వచ్చింది. ఈసారి ఆమె గబగబా మూసేయకుండా కింద ఉన్న చిన్న అక్షరాలను వేలు పెట్టి చదివింది. తర్వాత తెర అడుగున కుడి మూలకు చూసింది.

"ఇది ముందుగాలనే సూడాల్సింది. మేడం, గీ తారీఖు సూడుండ్రి."

రెండు వేల పదిహేను, జనవరి ఒకటి.

లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుందనీ, కరెంటు లేనప్పుడు టైమును అదే గుర్తు పెట్టుకుంటుందనీ రమ్యశ్రీ వివరించింది. ఎనిమిది నెలలు ప్లగ్గు తీసి ఉంచితే అది చచ్చిపోయింది. తారీఖు తెలియని కంప్యూటర్ తను పుట్టిన ఏడాదికి వెళ్లిపోయి కూర్చుంటుంది. ఇప్పుడు ఏ సైటు దగ్గరికి పోయినా, అది చూపించే కాగితం మీద ఉన్న తారీఖు దీనికి ఎన్నో ఏళ్ల తర్వాతిదిగా కనబడుతుంది. దొంగ కాగితమని నమ్మక తలుపు మూసేస్తుంది.

"మీ గడియారం ఎన్కకు ఉందని ఇంగ్లీషుల రాసిండు, అంతే. మనం సదవకుండ పరేషాన్ అయినం."

ఆమె బాణం గుర్తును తారీఖు మీదికి తీసుకుపోయింది. క్లారా ఒక్క నిమిషం ఆగమంది.

ఎందుకు ఆగమందో చెప్పడానికి ఏమీ లేదు. ఆ జనవరి ఒకటిన వాళ్లు భానూర్‌లో కిరాయి ఇంట్లో ఉన్నారు. పాత ఏడాది ఆఖరి రాత్రి చర్చిలో మేలుకుని, తెల్లవారుజామున స్కూటర్ మీద ఇంటికి బయల్దేరిన ఎబెనేజర్, ఇంటిదారి కాకుండా ఇంకో దారి పట్టాడు. మంచు. ముందు ఏమీ కనబడలేదు. తర్వాత నీళ్లు కనబడ్డాయి, కానీ నీళ్లని తెలియలేదు, నేల మీద ఆకాశం పరిచినట్టు ఉంది. దాని మీద నల్లటి చుక్కలు కదులుతున్నాయి. అవి ఏం పిట్టలని క్లారా అడిగింది. తెలియదన్నాడు. తెలుసుకుంటానన్నాడు.

ఈ యంత్రం ఆ పొద్దున్నే నిలబడి ఉంది. దానికి ఇంకా ఏమీ జరగలేదు.

"సరే. మార్చు" అంది క్లారా.

రమ్యశ్రీ అక్టోబర్ ఇరవై ఆరు పెట్టింది. పదేళ్ల పైచిలుకు, ఒక్క నొక్కుతో గడిచిపోయింది. కొత్త బ్యాటరీ రేపు వేస్తానని, అప్పటిదాకా ప్లగ్గు తీయొద్దని చెప్పి మళ్లీ సైటు పేరు కొట్టింది. వచ్చింది. వార్తలు వచ్చాయి, వాతావరణం వచ్చింది, బస్సుల టైములు వచ్చాయి. సువార్తమ్మ చిన్నగా స్తోత్రం చెప్పుకుంది.

క్లారా మౌసు తన చేతిలోకి తీసుకుని, తెర మీద పిట్టబొమ్మ ఉన్న గుర్తును రెండుసార్లు నొక్కింది. ‘చెరువుకాడ’కు దారి అదే. ఎప్పుడూ ఆ బొమ్మను నొక్కడమే తప్ప ఆ చిరునామా ఆమె ఒక్కసారి కూడా టైపు చేయలేదు.

తెల్లటి తెర. మధ్యలో రెండు వాక్యాలు. ఈ సైటును చేరలేకపోయాం. అది కలవడానికి నిరాకరించింది.

నిరాకరించింది అనే మాట దగ్గర క్లారా చూపు కాసేపు ఆగిపోయింది.

వరసగా చేయాల్సినవన్నీ రమ్యశ్రీ చేసింది. గోడకున్న నెట్ డబ్బా ఆపి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ వేసింది. బ్రౌజరు దాచుకున్న పాత చెత్తంతా ఊడ్చింది. ఇంకో బ్రౌజరులో చూసింది. ఆ రెండు వాక్యాలు మారలేదు. చివరికి తన ఫోను తీసి, ఇంటి వైఫైలోనే ఆ చిరునామా కొట్టి, కనుబొమలు ఎగరేసింది.

"నా ఫోన్ల మంచిగనే వస్తుంది మేడం. ఇగో."

ఫోను చాపింది. క్లారా తల పక్కకు తిప్పుకుంది. అతను కూర్చుని రాసిన చోటే కూర్చుని చదవాలని ఎనిమిది నెలలుగా అనుకుంటోంది. ఆ ధైర్యం నిన్నటికి వచ్చింది. దాన్ని అరచేతిలో పట్టే అద్దం మీద ఖర్చుపెట్టలేదు.

"వద్దమ్మా. ఇక్కడనే చూస్త."

రమ్యశ్రీ ఫోను జేబులో వేసుకుని మళ్లీ తెర వైపు తిరిగింది. లోకమంతా తెరుచుకుంటోంది, ఈ ఒక్కటి తప్ప. ఈ ఒక్కటీ లోకమంతటా తెరుచుకుంటోంది, ఈ ఇంట్లో తప్ప. అంటే రోగం ఈ డబ్బాలో ఉంది, అదీ ఈ పేరు మీదే ఉంది.

"సారు సొంతంగ చేసుకున్న పేజీ కదా ఇది?" అని అడిగింది. అవునంది క్లారా. రాత్రి భోజనాలయ్యాక కూర్చుని మార్చేవాడు, రంగులు మార్చేవాడు, పిట్టల బొమ్మలు అటూ ఇటూ జరిపేవాడు, బాగుందా చూడు అని పిలిచేవాడు. తను బడి పిల్లల పేపర్లు దిద్దుకుంటూ, తల ఎత్తకుండానే, బాగుందనేది.

రమ్యశ్రీ ఏవో ఫోల్డర్లు ఒకదాని లోపల ఒకటి తెరుచుకుంటూ పోయింది. ఒక చోట కంప్యూటర్ ఆగి, ఇందులో మార్పులు చేయడానికి అనుమతిస్తున్నారా అని అడిగింది. రమ్యశ్రీ చేయి వెనక్కి తీసుకుంది.

"ఇది ఇంటోళ్లు నొక్కాలె."

క్లారా ‘అవును’ నొక్కింది.

ఒక చిన్న కాగితం లాంటి పేజీ తెరుచుకుంది. పైన ఇంగ్లీషులో ఓ ఇరవై వరుసలు. ప్రతి వరుస ముందూ ఒకే గుర్తు: రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు, పిల్లలు ఆడుకునే సున్నా-ఇంటూ ఆటకు గీసిన గడిలాంటిది. అన్నిటికన్నా కింద, ఏ గుర్తూ లేకుండా ఒక వరుస ఉంది. కొన్ని అంకెలు, వాటి పక్కన ‘చెరువుకాడ’ చిరునామా.

"దొరికింది" అంది రమ్యశ్రీ మెల్లగా. దుకాణంలో మాట్లాడే గొంతు కాదది. "ఏ సైటు పేరు చెప్పినా, బయటికి పోయే ముందు కంప్యూటర్ గీ చీటీ సూస్కుంటది మేడం. గీ అంకెలు ఉన్నయి సూడుండ్రి, నూట ఇరవై ఏడుతోని మొదలైనయి, గవ్వి ఈ డబ్బా నంబరే. అంటే, ఈ పేరు అడిగితే బయటికి పోకు, ఇంట్లనే సూడు అని రాసిపెట్టిండు సారు."

"ఇంట్లనా?"

"పేజీల మార్పులు చేసేటప్పుడు, అందరికి సూపెట్టక ముందు తనొక్కడే సూసుకునేతందుకు. కొత్తది ఇంట్లనే నడిపిచ్చుకుంటడు. పని అయినంక ముందల గుర్తు పెడితే మళ్ల బయటికి పోతది. ఇప్పుడు ఇంట్ల నడిపిచ్చెటోళ్లు లేరు కద. ఇది పోయి తలుపు కొడుతుంది, ఎవ్వలు పల్కుత లేరు. గందుకే కలుస్త లేదంటుంది."



క్లారా పిల్లలకు వ్యాకరణం చెప్పే మనిషి. ఒక వాక్యంలో కర్త ఎవరు, క్రియ ఏది అని వేలసార్లు అడిగిన మనిషి. ఇప్పుడు విన్న వాక్యంలో కర్త కంప్యూటరా, తనా అని ఆమెకు ఒక క్షణం సందేహం వచ్చింది. ఎనిమిది నెలలుగా ఈ పేరు పట్టుకుని బయటికి పోనిది, ఇంట్లోనే, వంటగదిలో, కొక్కేనికి వేలాడే రెయిన్‌కోటులో, అరిగిన అక్షరాల్లో వెతికి, ఎవరూ పలకక వెనక్కి వచ్చింది ఎవరు?

"దాని పైన, గుర్తు పక్కన ఇంకేదో ఉంది" అంది క్లారా.

ఆ వరుసకు పైన, గడి గుర్తు తర్వాత, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఎబెనేజర్ ఫోనులో మెసేజీలు అలాగే రాసేవాడు. రమ్యశ్రీ పైకి చదవబోయి ఆగింది. క్లారా తనే చదువుకుంది.

*పని అయినంక గుర్తు పెట్టు. మర్వకు.*

"అది సారు తన కోసం రాసుకున్నది" అంది రమ్యశ్రీ. "ముందల ఆ గుర్తు ఉన్న వరుసను మిషన్ సదవదు. అది మనుషులకే."

గుర్తు పెట్టు. మర్వకు. ఫిబ్రవరిలో ఆ రాత్రి పని సగంలో ఉండగా నిద్ర వచ్చి లేచి ఉంటాడు. తెల్లారి చెరువుకు పోయి వచ్చి పూర్తి చేద్దామనుకుని ఉంటాడు. చెరువుకు ఆ రోజు ఇద్దరూ కలిసి పోవాలి. పదో తరగతి ప్రీ-ఫైనల్ పేపర్లు ఇంకా యాభై ఉన్నాయని, రానని చెప్పింది క్లారా. సరేనని ఒక్కడే పోయాడు. కట్ట మీద పడిపోయినప్పుడు పక్కన ఎవరూ లేరు. డాక్టరు చెప్పినదాని ప్రకారం, ఉన్నా పెద్దగా తేడా ఉండేది కాదు. ఆ పెద్దగా అనే మాటను క్లారా ఎనిమిది నెలలుగా దిద్దుతూనే ఉంది. చెరువు వైపు మాత్రం పోలేదు. బడికి పోయే ఆటో ఆ దారిన పోతే, ఎడమవైపు కూర్చుని కుడివైపు చూసేది.

"గీ లైను తీసేస్తె అయిపోతది" అంది రమ్యశ్రీ, వేలు కీబోర్డు మీద పెట్టి.

"తీయకు."

చాలా చిన్న మాట. కానీ బడిలో వెనక బెంచీ దాకా వినబడే గొంతు అది. రమ్యశ్రీ వేలు తీసేసింది.

"తీసుడెందుకు, అత్తమ్మా?" అని క్లారా ఎందుకో మంచం వైపు తిరిగి అడిగింది. సువార్తమ్మ కొడుకు రాసిన తెర వైపు కాకుండా కోడలి ముఖం వైపే చూస్తోంది. ఆ చూపులో ఏదో ఉంది. చాలా రోజులుగా ఏదో అడగాలని ఉండి, అడగలేక ఉన్న మనిషి చూపు.

"ముందల గుర్తు పెట్టుండ్రి మరి. లైను ఉంటది. మిషన్‌కు కనవడది, గంతే. మనం ఎప్పుడంటె అప్పుడు సదువుకోవచ్చు" అంది రమ్యశ్రీ.

ఆ గుర్తు కీబోర్డు మీద ఎక్కడుందో ఆమె చూపించింది. మూడు అంకె మీద. క్లారా రెండు వేళ్లతో నొక్కింది. అతను మరిచిపోయిన గుర్తు, అతని వరుస ముందు, ఎనిమిది నెలలు ఆలస్యంగా పడింది.

తర్వాత పిట్టబొమ్మను నొక్కింది.

ముందు నీలం వచ్చింది. నీలం పూర్తిగా పరుచుకున్నాక, దాని మీద నీళ్లు. మంచులో చెరువు బొమ్మ. పైన ‘చెరువుకాడ’ అని ఎబెనేజర్ తన చేతిరాతతో రాసి ఎక్కించిన అక్షరాలు. ‘రు’లో ఎప్పుడూ కొంచెం కిందికి జారినట్టుండే ఆ కొమ్ము. క్లారా ఊపిరి నెమ్మదిగా వదిలింది.

ముందు దాచేద్దాం, తర్వాత చదువుకుందురు అంది రమ్యశ్రీ. క్లారా ఒప్పుకుంది. రమ్యశ్రీ నెల తర్వాత నెలగా పేజీలను దించుతుంటే, వాటిలోంచి మాటలు తెర మీద ఒక్క క్షణం మెరిసి పోతున్నాయి. ‘నీటికాకులు ముప్ఫై ఒకటి, అందరు బట్టలారేసిండ్రు.’ ‘షిఫ్ట్ ఇన్‌చార్జి ఒంటికాలు మీద నిలవడ్డడు, ఎవల పని సూస్తలేడు.’ షిఫ్ట్ ఇన్‌చార్జి అంటే నారాయణ పక్షి. పేరు తెలియని పిట్టలకు మొదట్లో కంపెనీ మనుషుల పేర్లు పెట్టాడు. అసలు పేర్లు తెలిశాక కూడా ఆ పేర్లే ఉంచాడు. ‘ఇయ్యాల గాలి మా కంపెనీల దిక్కునుంచి ఉన్నది. పిట్టలు అద్దరికి పోయినయి. నేను గూడ పోదునేమో గని బస్సు టైమైంది.’

రమ్యశ్రీ చదివి నవ్వింది. సువార్తమ్మ కూడా నవ్వింది, చదవకుండానే, ముందే తెలిసినట్టు.

ఒక్క పేరు మాత్రం ఆ పేజీలో ఎక్కడా ఉండదని క్లారాకు తెలుసు. మనిషి అలికిడి వింటే బుడుంగున మునిగి, ఎక్కడో దూరాన తేలే చిన్న నీటికోడి ఒకటుంది. కోపమొస్తే క్లారా కూడా అంతే, మాట్లాడకుండా మునిగిపోయి, రెండు రోజులకు ఇంకో గదిలో తేలుతుందని ఎబెనేజర్ దానికి ‘టీచరమ్మ’ అని పేరు పెట్టాడు. ఊరంతా ఆమెను మేడం అంటుంది. టీచరమ్మ అన్నది అతనొక్కడే, అదీ ఇంట్లోనే. పేజీలో రాస్తే ఊరుకోనని క్లారా అంది. పదేళ్లలో ఒక్కసారీ రాయలేదు.

"మేడం" అంది రమ్యశ్రీ. "ఫిబ్రవరి దాకనే ఉంటయన్నరు కద."

"అవును. ఫిబ్రవరి పంతొమ్మిది."

"కాదు మేడం. నెలలు ఇంక వస్తనే ఉన్నయి. మార్చి ఉంది. ఏప్రిల్ ఉంది. గిది చూడుండ్రి, అక్టోబరు."

అన్నిటికన్నా పైనున్న పేజీని ఆమె తెరిచింది. తారీఖు ఆ రోజుదే. టైము పొద్దున ఆరూ పది.

*మబ్బు ఉంది. చలికాలం బాతులు దిగినయి, లెక్క పెట్టలేం. షిఫ్ట్ ఇన్‌చార్జి వచ్చిండు. టీచరమ్మ రాలేదు.*

క్లారా దాని కిందది చదివింది. శనివారం. నీళ్లు తగ్గినయి, లకుముకి పిట్టలు రెండు. టీచరమ్మ రాలేదు. శుక్రవారం. వాన. ఎవ్వరు లేరు. టీచరమ్మ రాలేదు. ఆమె వేలు కిందికి, ఇంకా కిందికి పోయింది. నిండిన చెరువు, వానలు, ఎండలు, మార్చి మొదటి వారం. ఏ రోజూ తప్పలేదు. ప్రతి రోజు చివరా ఆ రెండే మాటలు.

దాచేశాను అని రమ్యశ్రీ చెప్పడం, ఫోల్డరు పేరు ఏం పెట్టమంటారని అడగడం ఆమెకు ఎక్కడో దూరం నుంచి, నీళ్ల కిందినుంచి విన్నట్టు వినబడింది.

ఆ పేరు తెలిసిన మనిషి పోయాడు. తెలిసిన ఇంకో మనిషి తను. ఇంట్లో అన్న మాట ఇంట్లో ఇంకెవరు విని ఉంటారు?

క్లారా తల తిప్పింది. మంచం ఖాళీగా ఉంది. వెనక తలుపు తెరిచి ఉంది. పెరట్లో నల్లా దగ్గర సువార్తమ్మ వంగి, తన నీలం స్లిప్పర్లు కడుగుతోంది. చర్చికి వేసుకునే నల్ల చెప్పులు కావవి. రోజూ పొద్దున అయిదింటికి ప్రార్థనకని వేసుకుపోయేవి. చర్చిదాకా సిమెంటు రోడ్డే. ఆ స్లిప్పర్ల అంచులకు మాత్రం నల్లటి బంకమట్టి, చెరువు గట్టున తప్ప ఇంకెక్కడా అంటనిది, అట్టలా కట్టుకుని ఉంది.

క్లారా వెళ్లి గడపలో నిలబడింది.

"అత్తమ్మా. నీకు రాసుడు రాదు కద."

సువార్తమ్మ నల్లా కట్టేసింది. తల ఎత్తలేదు. ఒక స్లిప్పరును గోడకు ఆనించి, రెండోదాన్ని చేతిలోనే పట్టుకుంది.

"చెప్పెటిదాన్నే నేను బిడ్డా. రాసెటిది వేరే."

"ఎవరు?"

ముసలామె కడిగిన స్లిప్పరును తిప్పి చూసుకుంది. మట్టి ఇంకా కొంచెం ఉంది. తర్వాత కోడలి కాళ్ల వైపు చూసింది, ఆ కాళ్లకు ఏ చెప్పులు సరిపోతాయో చూస్తున్నట్టు.

"రేపు అయిదింటికి లేపుత. చెరువుకాడ నువ్వే సూద్దువు" అంది. "ఈ పాలి పేపర్లు దిద్దేది లేదు కద?"